ఎర్ర పట్టీ కింద

బుధవారం పొద్దున నా మనవరాలు తన ప్రాక్టీసు చొక్కాను తానే ఉతుక్కుని తెచ్చింది.

అందులో గుండె జారాల్సినంత ఏముందని ఎవరైనా అడగొచ్చు. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క చేతిరుమాలు ఉతికిన పాపాన పోలేదు. మేజోళ్ళు మంచం కిందికి తన్నేస్తే అవే నడుచుకుంటూ బకెట్లోకి వెళ్తాయని దాని నమ్మకం. అలాంటిది, చొక్కా ఉతికి, పిండి, సగం ఆరీ ఆరకుండానే మడతపెట్టి నా కుట్టు మిషను పక్కన పెట్టింది.

"ఇది శుభ్రంగానే ఉందమ్మమ్మా. ఎక్కడా చిరగలేదు. నువ్వు చూడక్కర్లేదు," అంది.

"ఇవాళ పొద్దు ఏ దిక్కున పొడిచిందో," అన్నాను.

మామూలుగా అయితే నా మాటకు రెండు మాటలు తగిలించి గానీ కదలదు. ఆ రోజు నవ్వనైనా లేదు. కిటికీలోంచి వస్తున్న వెలుగుకు ఎడమ కన్ను చిట్లించి, గుమ్మాన్ని ఒక చేత్తో పట్టుకుని దాటి వెళ్ళిపోయింది.

చూడక్కర్లేదు అన్నదాన్నే ముందు చూసే మనిషిని నేను. చొక్కా విప్పి బల్ల మీద పరిచాను.

నేను రగ్బీ క్లబ్బులో బట్టలు బాగుచేసే దర్జీని. మైదానం పక్కన జనం కూర్చునే మెట్ల కింద, ఏటవాలు కప్పున్న గది నాది. మిషను, ఇస్త్రీ బల్ల, దారపు ఉండల పెట్టె. ముప్ఫై ఏళ్ళుగా ఆడపిల్లల జట్టు చొక్కాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్తున్నాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకరు పరిగెత్తుతారు. ఎదుటి జట్టువాళ్ళు ఆ మనిషిని చేతులతో చుట్టేసి నేలకు దించుతారు. దాన్ని ట్యాకిల్ అంటారు. ఆ పనిలో నా మనవరాలిని మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఒకసారి పట్టుకుంటే వదలదని జట్టులో దాన్ని పట్టకారు అంటారు.

ఆట జరుగుతుంటే నేను బయటికి వెళ్ళను. మెట్ల మీద జనం ఒక్కసారిగా అరిస్తే మిషను తొక్కడం ఆపేస్తాను. ఈల మోగి, మళ్ళీ ఆట మొదలైన సందడి వినిపిస్తే గానీ పాదం ఆడదు. అందుకే నేను ఆటను చూసేదంతా చొక్కాల్లోనే. నిరుడు దాకా చిరుగులన్నీ మెడపట్టీల దగ్గర, భుజాల కుట్ల దగ్గర ఉండేవి. ఈ ఏడాది మెడపట్టీలు కొత్తవాటిలా ఉన్నాయి. నడుము దగ్గర, అంచుల దగ్గర చిరుగుతున్నాయి. కారణం, నిబంధన మారింది. ఇదివరకు భుజాల కింద ఎక్కడ పట్టుకున్నా ఒప్పే. ఇప్పుడు రొమ్ము ఎముక కింది అంచుకు పైన పట్టుకుంటే తప్పు.

ఆ మార్పులన్నిటితో రగ్బీ సంఘంవాళ్ళు చిన్న పుస్తకం పంపారు. పిల్లలెవరూ చదవలేదు. నేను చదివాను. నాకు అక్షరాలు ఏ బడీ నేర్పలేదు. చొక్కాల మెడల వెనక ఉండే కొలతల చీటీలు, ఉతికే పద్ధతి చెప్పే చీటీలు చూసి కూడబలుక్కున్నాను. ఇప్పటికీ వేలు పెట్టి గానీ చదవలేను. అయితే ఆ పుస్తకంలో ఒక సంగతి నాకు భలే నచ్చింది. ప్రతి మార్పు కిందా 'ఉద్దేశం' అని ఒక వాక్యం రాశారు. నా చిన్నప్పటి నుంచి ఇది చెయ్యకు, అది ముట్టుకోకు అన్నవాళ్ళే గానీ, ఎందుకో చెప్పినవాళ్ళు లేరు. మైదానంలో తన సగం లోంచి బంతిని తన్ని, నేల మీద పడ్డాక ఎదుటివాళ్ళ గీత దగ్గర పక్కకు దాటించగలిగితే బంతి మళ్ళీ తన్నినవాళ్ళకే ఇస్తారట. ఉద్దేశం ఏమిటంటే, ఆ భయానికి ఎదుటి జట్టువాళ్ళు ఇద్దరు వెనక్కి జరుగుతారు, ముందు వరసలో సందు దొరుకుతుంది, గుద్దుకోవడాలు తగ్గుతాయి. నేల మీద ఉన్న మనిషిని చుట్టేసి మొసలిలా పొర్లించి లాగడం మానిపించారు. ఉద్దేశం, మోకాళ్ళు విరగకుండా. ఇలా ఒక్కొక్కటీ చదివి, అవును కదా అనుకునేదాన్ని. ఎవరో తెలివైనవాళ్ళు నా భయాలన్నీ ముందే పడి పెట్టినట్టుండేది.

కొత్త ఎత్తు పిల్లలకు అలవాటు కావాలని కోచ్ ఒక ఉపాయం చెప్పింది. కోచ్‌ను పిల్లలు ఈలమ్మ అంటారు. ఆటలో రెండుసార్లు విరిగిన ముక్కు, మెడలో ఈల, నోట్లో ఎప్పుడూ ఒక వేళాకోళం.

"పెద్దమ్మా, ప్రాక్టీసు చొక్కాల మీద రొమ్ము ఎముక ఎక్కడ అయిపోతుందో అక్కడ ఎర్ర పట్టీ కుట్టండి. దాని కిందే పట్టుకోమంటాను. వీళ్ళకు చెబితే ఎక్కదు, చూపిస్తే ఎక్కుతుంది," అంది.

నేను ఒక్కొక్క పిల్లనూ నిలబెట్టి, వేలితో ఎముక చివర తడిమి, భుజం కుట్టు నుంచి కొలిచి, ఎవరి చొక్కాకు వాళ్ళ పట్టీ కుట్టాను. జట్టులో అందరికంటే పొడుగుపిల్లను నిచ్చెన అంటారు. ఆమె పట్టీ అందరికంటే కిందికి వచ్చింది. అందరికంటే పొట్టిపిల్ల చిట్టెలుక. ఆమెది చాలా పైకి ఉంది. ముప్ఫై చొక్కాలు. వారం పట్టింది. కుట్టినందుకు గర్వపడ్డాను కూడా.

అలాంటి పట్టీ ఉన్న చొక్కానే బుధవారం నా ముందు ఉంది. గుడ్డ శుభ్రంగా ఉంది. పట్టీ అంచును గోటితో ఎత్తి చూశాను. ఉతుకుడు రానివాళ్ళు పైనే రుద్దుతారు. కుట్టు లోపలికి పోయినది అక్కడే ఉండిపోతుంది. పసుపుపచ్చగా గీతలా ఎండి ఉంది. వాసన చూశాను. వాంతి.

తల దిమ్మెక్కే దెబ్బ తగిలినవాళ్ళ గుర్తులు ఆ పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. వాంతి. వెలుగు పడకపోవడం. తూలడం. చేతిలో చొక్కా పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

పది గంటలకు చిట్టెలుక చొక్కాల సంచి కోసం వచ్చింది.

"సంచి సరే. నిన్న ఎవరు వాంతి చేసుకున్నారు?" అని అడిగాను.

"ఎవరూ చేసుకోలేదే."

"అలాగా. మరి నువ్వెందుకు బూట్ల తాళ్ళు చూసుకుంటున్నావు?"

"ముడి సరిగా పడిందో లేదోనని. అమ్మమ్మా, నేను చెప్పనని ఒట్టేశాను."

"చెప్పకమ్మా. ఒట్టు తప్పకూడదు. ఇంతకీ పట్టకారు ఎవరిని ట్యాకిల్ చేస్తుంటే అయింది?"

"నన్నే," అని నాలుక్కరుచుకుంది. "ఇది అన్యాయం. మీరు పోలీసుల్లో చేరాల్సిన మనిషి."

ఆ తర్వాత ఆపడం నా వల్ల కాలేదు, తన వల్లా కాలేదు. మంగళవారం సాయంత్రం కోచ్ మైదానం అవతలి కొసన వేరే పిల్లలతో ఉంది. ఇటువైపు వీళ్ళు ఇద్దరిద్దరుగా ట్యాకిల్ చేసుకుంటున్నారు. పట్టకారు ఎర్ర పట్టీకి గురిచూసి వంగి దూకింది. తల నేరుగా వెళ్ళి చిట్టెలుక తుంటి ఎముకకు తగిలింది.

"తుంటికా? నీ పట్టీ తుంటి దగ్గరెందుకు ఉంటుంది? నేను కొలిచి కుట్టానే."

"నా చొక్కా ఎక్కడుందో ఎవరికి తెలుసు? సంచిలో చెయ్యి పెడితే ఏదొస్తే అది. నాకు నిచ్చెనది వచ్చింది. భుజాలు జారి గౌనులా వేలాడుతోందని అందరూ నవ్వారు కూడా."

దర్జీకి ఒక బుద్ధి ఉంటుంది. ఎవరి కొలతకు కుట్టిన బట్ట వాళ్ళే వేసుకుంటారని. ముప్ఫై ఏళ్ళుగా ఆ సంచిని కట్టిందీ విప్పిందీ నేనే. ఆ పిల్లలు చెయ్యి పెట్టి దొరికింది లాక్కోవడం నాకు తెలియనిదా? అయినా కొలుస్తున్నప్పుడు ఆ సంగతి తట్టలేదు. పొడుగుపిల్ల పట్టీ పొట్టిపిల్ల తుంటి మీదికి వచ్చింది. నా మనవరాలు నియమం తప్పలేదు. నేను కుట్టిన గీతను నమ్మి, గీత ఎక్కడుంటే అక్కడికి తల పెట్టింది.

"ఎంతసేపు పడి ఉంది?"

"ఎంతోసేపు కాదమ్మమ్మా," అని చిట్టెలుక సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "శనివారం ఫైనల్ కదా. తను లేకపోతే మేం గాలికి కొట్టుకుపోతాం," అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి మనవరాలు దుప్పటిని కిటికీకి అడ్డంగా కట్టుకుని పడుకుని ఉంది. మాది రెండు గదుల ఇల్లు. నా కూతురు, అంటే దాని తల్లి, సరుకుల ఓడల్లో వంటపని చేస్తుంది. ఏడాదికి ఒకసారి వస్తుంది, నెల ఉండి పోతుంది. పోయేటప్పుడు బస్సు మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడతాను. మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడతాను. అందుకని ఈ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

మంచం పక్కన కూర్చుని, "తల నొప్పా?" అన్నాను.

"చిట్టెలుక చెప్పిందా?"

"చొక్కా చెప్పింది."

అది నెమ్మదిగా లేచి గోడకు ఆనుకుంది. "చిన్న దెబ్బ. వెంటనే లేచాను."

"వెంటనే అని నీకెవరు చెప్పారు?"

"నిచ్చెన."

"అంటే నీకు తెలీదు."

"అమ్మమ్మా, శనివారం ఆటకు దేశం జట్టును ఎంచేవాళ్ళు వస్తున్నారు. నీకు తెలుసు. నేను ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నానో కూడా నీకు తెలుసు. ఈ మాట బయటపడితే ఇరవై ఒక్క రోజులు బూటు ముట్టనివ్వరు. ఆ పుస్తకం నువ్వే చదివి వినిపించావుగా, వద్దన్నా వినకుండా."

"ఎందుకని ఇరవై ఒక్క రోజులో కూడా వినిపించాను."

"విన్నాను. నీ ఉద్దేశాలన్నీ విన్నాను." గొంతు కాస్త లేచింది. వెంటనే కణతలు నొక్కుకుంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఈ ఒక్క గింజా శనివారం దాకా నానబెట్టు. తర్వాత నువ్వు ఏ డాక్టర్ దగ్గరికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"శనివారం ఇంకో దెబ్బ తగిలితే?"

"తగలదు."

"తగలదని తుంటి ఎముక మాటిచ్చిందా?"

అది నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "నువ్వు చెబితే నేను ఈ ఇంట్లో ఉండను అమ్మమ్మా. బెదిరించడం లేదు. చెప్తున్నాను, అంతే," అంది.

అంతే, అని అంత మెల్లగా అన్న మనిషిని నేను ఇదివరకు ఒకసారి చూశాను.

నా తమ్ముడు కూడా ఈ ఆటే ఆడేవాడు. స్క్రమ్ అని ఒకటుంటుంది. రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి, తలలూ భుజాలూ ఒకరిలోకి ఒకరు దూర్చి తోసుకుంటారు. తమ్ముడు ముందు వరసలో ఉండేవాడు. ఆ రోజుల్లో రెండు గుంపులూ ఎడంగా నిలబడి, దున్నపోతుల్లా ఒక్క ఊపున ఢీకొనేవి. ఇప్పుడు ముందు వంగమంటారు, తర్వాత ఒకరినొకరు పట్టుకోమంటారు, ఆ తర్వాతే తోయమంటారు. ఉద్దేశం, మెడలు నిలవడం. అప్పుడు ఆ ఉద్దేశం ఎవరికీ లేదు. తమ్ముడికి ఆట అయ్యాక కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయేవి. గ్లాసు జారిపోయేది. నాకు మాత్రం చెప్పి, నాన్నకు చెప్పొద్దక్కా అన్నాడు. మూడు వారాలు మింగలేక కక్కలేక తిరిగాను. నాలుగో వారం చెప్పేశాను. నాన్న వాడి బూట్లు పొయ్యిలో పెట్టాడు. తెల్లారి తమ్ముడు చేతిసంచితో బస్సెక్కుతూ, "నువ్వు చేసింది మంచి పనే అక్కా. ఇక నాతో మాట్లాడకు, అంతే," అన్నాడు. వాడికప్పుడు పంతొమ్మిది. నలభై అయిదేళ్ళయింది. ఎక్కడో బాగానే ఉన్నాడని, మనవల్ని రెండు చేతులా ఎత్తుకుంటాడని తెలిసినవాళ్ళ ద్వారా వింటుంటాను. రెండు చేతులా అన్నమాట విన్నప్పుడల్లా సంతోషం వేస్తుంది. ఆ సంతోషాన్ని ఎవరితో పంచుకోవాలో తెలియదు.

అందుకే బుధవారమంతా ముందు నుయ్యి, వెనక గొయ్యిగా గడిచింది. చెప్పకపోతే ఏమవుతుందో పుస్తకంలో ఉంది. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను వంటింట్లో ఉన్నా చెవి దాని గది వైపే ఉంది. గురక వినిపిస్తే భయం, వినిపించకపోతే భయం. ఏదో ఒక సాకుతో లేపి, "నీళ్ళు కావాలా?" అనేదాన్ని. "అమ్మమ్మా, నన్ను చంపేది దెబ్బ కాదు, నువ్వు," అని మళ్ళీ అటు తిరిగేది.

గురువారం మధ్యాహ్నం అది లేచి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుంది. కాస్త కళ కూడా తిరిగొచ్చింది. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. తగ్గిపోయిందేమో, నా పిరికితనమేనేమో. బూట్లు వేసుకోవడానికి వంగింది. వంగినదల్లా అలాగే ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టింది. లేచాక నన్ను చూసి నవ్వింది.

"కాలు తిమ్మిరి," అంది.

"సాయంత్రం ట్యాకిళ్ళున్నాయా?"

"ఫైనల్‌కు ముందు చివరి ప్రాక్టీసు. ఉండవా మరి?"

అది వెళ్ళిన పావుగంటకు నేనూ క్లబ్బుకు వెళ్ళాను. మిషను ముందు కూర్చున్నాను. దారం ఎక్కించబోతే సూది బెజ్జం కనబడలేదు. అయిదయింది. బయట కోచ్ ఈల వినిపించింది. ఆ తర్వాత పరుగుల చప్పుడు, దబ్బుమని శరీరాలు నేలకు పడే చప్పుడు. ఒకటి. రెండు. మూడోది ఎవరిదో నాకు తెలియదు. పుస్తకం తీసుకుని లేచాను.

ముప్ఫై ఏళ్ళలో ఆ తెల్లగీత దాటి లోపలికి వెళ్ళింది అదే మొదటిసారి. గడ్డి అంత మెత్తగా, జారేలా ఉంటుందని అనుకోలేదు. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఎవరో, "దర్జీ అమ్మమ్మ కూడా ఆడుతుందిరోయ్, దారి ఇవ్వండి," అన్నారు. అందరూ నవ్వారు. నా మనవరాలు నవ్వలేదు. వరసలో తన వంతుకు ఇంకా ఇద్దరున్నారు.

కోచ్ దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినిపించకుండా చెప్పాను. వాంతి, వెలుగు, గోడ పట్టుకోవడం, పట్టీలు, సంచి, అన్నీ. నా తప్పే ముందు చెప్పాను. కోచ్ ముఖంలో వేళాకోళం పోయింది. విరిగిన ముక్కును వేలితో రుద్దుకుంటూ మైదానం వైపు చూసింది.

"పట్టకారూ, ఇలా రా. తల ఎలా ఉంది?"

"మెడ మీదే ఉంది కోచ్."

పిల్లలు మళ్ళీ నవ్వారు. కోచ్ కూడా నవ్వబోయింది. ఆమెకు నవ్వాలనే ఉంది. శనివారం గెలవాలని ఎవరికి లేదు? "ఇవాళ ఏ వారం? శనివారం ఎవరితో ఆట? పోయిన ఆటలో ఎవరు గెలిచారు?" అని వరసగా అడిగింది. నా మనవరాలు టకటకా చెప్పేసింది. కోచ్ నా వైపు తిరిగి, "చూశారుగా పెద్దమ్మా. పిల్ల గడగడా చెప్పేస్తోంది. నాకైతే సందేహం లేదు," అంది.

పుస్తకం చివరి పేజీ తెరిచి, వేలు పెట్టి, పైకి చదివాను. నేను చదివేది ఎంత నెమ్మదో ఆ పిల్లలందరికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు.

"తలకు దెబ్బ తగిలిందని సందేహం ఉంటే ఆటగాళ్ళను వెంటనే బయటికి పంపాలి. అదే రోజు మళ్ళీ ఆడనివ్వకూడదు. డాక్టర్ చూడాలి. ఉద్దేశం, మొదటి దెబ్బ మానకముందు రెండోది తగలకుండా చూడడం."

"అది నాకూ తెలుసు పెద్దమ్మా."

"తెలుసమ్మా నీకు. కోచ్‌కు సందేహం ఉంటే అని ఇక్కడ రాయలేదు. ఎవరికని రాయలేదు. నాకుంది."

అంతలో వెనక నుంచి నిచ్చెన గొంతు వినిపించింది. అంత పొడుగుపిల్లకు అంత సన్నటి గొంతు ఉందని అప్పుడే తెలిసింది.

"అరనిమిషం కదల్లేదు కోచ్. మంగళవారం. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను పిలిస్తే పలకలేదు."

కోచ్ కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత నా మనవరాలి దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "పద. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను," అంది. అది నిచ్చెన వైపు చూడలేదు, కోచ్ వైపు చూడలేదు. నన్ను చూసింది. నాకు బాగా తెలిసిన చూపే.

డాక్టర్ గదిలో దాన్ని కళ్ళు మూసుకుని, ఒక పాదం వెనక ఇంకో పాదం ఆనించి నిలబడమన్నారు. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా పక్కకు ఒరిగింది. అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక అడిగితే రెండే చెప్పింది. మూడోదాని కోసం పైకి చూస్తూ పెదవులు కదిపింది. నేను గుమ్మం బయట నిలబడి ఆ పెదవులనే చూశాను. చీటీలు లేని చొక్కాలో కొలత వెతుక్కుంటున్నట్టు ఉంది దాని ముఖం. తన మీద తనకే భయం వేయడం అప్పుడే చూశాను. వెంటనే దాచేసింది.

"ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాత మళ్ళీ చూసి చెబుతాను," అన్నారు డాక్టర్. "ఈ రెండు రోజులు ఫోను చూడొద్దు, ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అంది నా మనవరాలు.

డాక్టర్ కలం ఆపి తలెత్తారు. "ఎవరూ లేకపోతే ఇంటికి పంపలేను. ఇక్కడే ఉంచాల్సి వస్తుంది."

కోచ్ ఏదో అనబోయింది. అంతలో అది గోడ వైపు చూస్తూ, "అమ్మమ్మ ఉంది," అంది.

బస్సులో నా పక్కన కూర్చోలేదు. ముందు సీటులో కూర్చుంది. దాని మెడ వెనక మచ్చనే చూస్తూ, తల వాలిపోతుందేమోనని ముందు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరాక గుమ్మంలో ఒక్కటే మాట అంది. "ఇరవై రెండో రోజు వెళ్ళిపోతాను. నిచ్చెన గదికి వెళ్తాననుకుంటావేమో, ఇక దానితోనూ ఉండను. ఎక్కడో చూసుకుంటాను."

"సరే," అన్నాను.

శనివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు దాని గదిలో చీకటి, కిటికీకి దుప్పటి కట్టే ఉంది. నేను తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాను. అది కళ్ళు మూసుకునే ఉంది గానీ నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది. అయిదింటికి కోచ్ నా ఫోనుకు చేసింది. ఓడిపోయారు. తేడా కొద్దిగానే. నేను నోరు విప్పకముందే లోపలి నుంచి, "పోయిందా?" అని వినిపించింది.

"పోయింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపటికి చీకట్లోంచి మాట్లాడింది. నాతో అని కాదు, గదితో అన్నట్టు. "నిచ్చెన పిలవడం నాకు వినపడింది. పలకాలని తెలుసు. నోరు ఎక్కడుందో తెలీలేదు."

నేను కుర్చీని మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"భయమేసిందా?"

"వేసింది." ఆగి, "అయినా నువ్వు చెప్పకుండా ఉండాల్సింది," అంది. "వెళ్ళడం మాత్రం వెళ్తాను అమ్మమ్మా."

"వెళ్ళమ్మా. నీ కాళ్ళతో నువ్వు నడిచి వెళ్ళు, అది చాలు."

అది అటు తిరిగి పడుకుంది. ఊపిరి సమంగా ఆడుతోందా లేదా అని విన్నాను. ఆడుతోంది. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చింది. దాని ప్రయాణాల పెట్టె బీరువా మీద, అందనంత ఎత్తున ఉంది. డాక్టర్ బరువులెత్తొద్దన్నారు, తల పైకెత్తి ఏదీ లాగొద్దన్నారు. ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, నెమ్మదిగా పెట్టెను దించాను. దుమ్ము తుడిచాను. ఒక చక్రం బిగుసుకుపోయి ఉంటే రెండు చుక్కలు మిషను నూనె వేశాను. సాఫీగా తిరిగేదాకా వేలితో తిప్పి, దాని గది గుమ్మం పక్కన, వంగకుండానే చేతికందేలా నిలబెట్టాను.